టావిస్టాక్‌కి మళ్లీ రైలు కావాలా, వద్దా?

డెవన్‌తెలుగు:
"టావిస్టాక్ రైలు 1968లోనే పోయింది, పాత స్టేషన్‌ని బాగా చూసుకుంటే చాలు" అని నిన్న ఇక్కడ ఒకాయన అన్నారు. నేను ఒప్పుకోను. ఇంగ్లండ్‌లోని డెవన్‌లో ఉన్న ఈ ఊళ్లో నాలుగేళ్లుగా ఉంటున్నాను. పొద్దున పక్క నగరం ప్లిమత్‌లో డ్యూటీ ఉంటే ముందురోజు రాత్రి నుంచే రోడ్డు గురించి టెన్షన్.

ఒకప్పుడు ఈ ఊరికి రెండు స్టేషన్లు ఉండేవి. 1859లో వచ్చినదాన్ని తర్వాత సౌత్ అన్నారు. 1890లో కొండవాలు మీద గ్రానైట్ రాయితో నార్త్ కట్టారు. లండన్ వాటర్లూ నుంచి ప్లిమత్ వెళ్లే బళ్లు దీని మీదుగానే పోయేవి. 1962 డిసెంబరు చివర్లో సౌత్ లైను మూసేశారు. ఆఖరి రోజు బళ్లు మంచు తుఫానులో ఇరుక్కుపోయాయి. మరుసటి ఏడాది, నష్టాల్లో ఉన్న రైల్వేని కుదించడానికి తయారైన బీచింగ్ నివేదిక వచ్చింది, దేశమంతటా 2,363 స్టేషన్లు మూసేయమంది. 1968 మే 6న నార్త్ కూడా పోయింది.

పక్కనే ఉన్న గన్నిస్‌లేక్ చిన్న పల్లె. అక్కడ రోడ్లు బాగా లేవని దాని రైలు మిగిల్చారు. దాదాపు 13 వేల మంది ఉన్న మా ఊరికి మాత్రం ఒక్క పట్టా కూడా మిగల్లేదు. ఇది న్యాయమేనా?

కొండదారి:
తమ్ముడూ, నీ బాధ నాకు తెలుసు. కానీ స్టేషన్ బిల్డింగ్ ఇప్పుడు సెలవులకు వచ్చేవాళ్లు దిగే బస. గూడ్స్ యార్డులో కౌన్సిల్ ఆఫీసులు లేచాయి. రైలు వంతెన మీద జనం నడుస్తున్నారు. మా పిల్లలు సైకిళ్ల మీద అక్కడికి వెళ్లి, కింద ఊరి కప్పులన్నీ చూసి వస్తారు. అదంతా మళ్లీ తవ్వుతారా? పాత లైన్లు తెరిచే పథకాన్ని కూడా ప్రభుత్వం 2024 జూలైలో రద్దు చేసింది. ఆ డబ్బుతో బస్సులు పెంచమని అడుగుదాం.

డెవన్‌తెలుగు:
అన్నా, వంతెన జోలికి ఎవరూ పోవట్లేదు. అడుగుతున్నది గన్నిస్‌లేక్ రైలు ఆగే బెర్ ఆల్‌స్టన్ పల్లె నుంచి ఊరికి నైరుతి అంచు దాకా, ఐదున్నర మైళ్లే. కొత్త స్టేషన్ కూడా అక్కడే. బస్సులు పెంచినా ఇదే ట్రాఫిక్‌లో ఆగాలి కదా! మన పాత నార్త్ లైను మీదే ఉన్న ఓక్‌హాంప్టన్ ఊరిని చూడండి. 1972లో ఆగిన రోజువారీ సర్వీసు 2021 నవంబరులో మళ్లీ మొదలైంది. మెల్డన్ క్వారీ రాయి మోయడానికి పట్టాలు ఉంచారు కాబట్టి పని తేలికైంది. మనకి పట్టాలు లేవు, ఖర్చు ఎక్కువే అవుతుంది, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ 2014 ఫిబ్రవరిలో డాలిష్ దగ్గర తీరం వెంట పోయే మెయిన్ లైను కింది సముద్రం గోడ కొట్టుకుపోతే ప్లిమత్‌కీ కార్న్‌వాల్‌కీ రెండు నెలలు లండన్ రైలు లేదు. టావిస్టాక్ మీదుగా దారి ఉండి ఉంటే? ఈ ఐదున్నర మైళ్లు దానికి మొదటి ముక్క.

ఒక్కసారి గన్నిస్‌లేక్ రైలెక్కి చూడండన్నా. బెర్ ఆల్‌స్టన్‌లో బండి ఆగుతుంది. డ్రైవర్ ఈ చివర క్యాబ్ వదిలి ఆ చివరికి నడుస్తాడు, బండి వెనక్కి తిరిగి గన్నిస్‌లేక్ దారి పట్టాలి కాబట్టి. ఎందుకంటే నేరుగా ముందుకి వెళ్లే దారి మన ఊరిది.