అప్‌డేట్: చీలమండ రోబో రీడింగ్ తేడా ఎక్కడుందో దొరికింది

పాదం పైకి వంచినప్పుడు రోబో (చీలమండను మోటార్‌తో కదిలించే యంత్రం) తెర మీద 18 డిగ్రీలు, గోనియోమీటర్‌తో (కీలు కోణం కొలిచే చేతి పరికరం) కొలిస్తే 11. ఈ తేడా ఎందుకని అడిగాను కదా, దొంగ మడమే! పట్టీ వదులై, ఫుట్‌ప్లేట్ (పాదం ఆనించే పలక) తిరిగేటప్పుడు మడమ వేలు మందం పైకి లేస్తోంది. యంత్రం కొలిచేది ప్లేట్ కోణాన్ని, కీలు కోణాన్ని కాదు. బయటి చీలమండ ఎముకను మోటార్ ఇరుసుకు సరిగ్గా ఎదురుగా తెచ్చి, మడమ పట్టీ బిగించాక తేడా 2 డిగ్రీలకు దిగింది.

మోకాలి వంపు రెండు కొలతల్లోనూ ఒకటే ఉండాలి. చాచితే పిక్క కండరం లాగి కోణం తగ్గుతుంది. టార్క్ (తిప్పే బలం) కూడా కొలవాలంటే ముందు ఖాళీ ప్లేట్‌ను అదే వేగంతో తిప్పి, ఆ రీడింగ్‌ను కాలుతో వచ్చిన రీడింగ్ నుంచి తీసేయండి. సెకనుకు 5 డిగ్రీలు చాలు. వేగం పెంచితే స్పాస్టిసిటీ (నరాల సమస్య వల్ల, వేగంగా సాగదీస్తే కండరం బిగుసుకునే స్థితి) ఉన్న కాలు బిగుసుకుంటుంది, అప్పుడు కొలిచింది కండరానికి సహజంగా ఉన్న బిగుతో, సాగదీతకు అసంకల్పితంగా వచ్చే రిఫ్లెక్సో తేలదు.