సంఘానికి విజన్, మిషన్, నిబంధన రాసుకుంటున్నాం, మీ దగ్గర ఎలా చేశారు?

శివారు సంఘం సెక్రటరీ

అందరికీ వందనాలు. హైదరాబాద్ శివార్లలో మాదొక చిన్న సంఘం, డెబ్బై కుటుంబాల దాకా ఉంటాం. ఒంగోలు వైపు బాప్టిస్టులు, మెదక్ వైపు సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లు, గుంటూరు లూథరన్లు, ఇలా ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడ కలిసినవాళ్లమే. ఇన్నాళ్లూ ఫంక్షన్ హాల్లో ఆరాధన జరుపుకున్నాం, ఇప్పుడు స్థలం కొన్నాం. పునాది వేసేముందు అసలు మన సంఘం ఎందుకు ఉంది (మిషన్), ముందు ముందు ఎలా ఉండాలి (విజన్), ఒకరితో ఒకరం ఎలా నడుచుకుంటామని మాట ఇచ్చుకుంటాం (నిబంధన) అనేవి మూడూ కాగితం మీద పెట్టుకుందామని పాస్టర్ గారు అన్నారు, కమిటీ సరేనంది.

గొడవ అక్కడే మొదలైంది. పెద్దవాళ్లు "బైబిలు ఉండగా ఇంకో కాగితం దేనికి, ఇది కంపెనీల పద్ధతి" అంటున్నారు. యూత్ వాళ్లు ఒక ఆదివారం ప్రొజెక్టర్ పెట్టి డ్రాఫ్ట్ చూపించారు, "క్రీస్తు ప్రేమతో సమాజాన్ని మార్చే సంఘం" అని. ఎవ్వరూ కాదనలేదు, కాదనడానికి అందులో ఏమీ లేదు కూడా, ఏ సంఘం బోర్డు మీద రాసినా సరిపోతుంది. మా అసలు సమస్యలు దాంట్లో ఎక్కడా లేవు. పిల్లలకు తెలుగు పాటలు అర్థం కావడం లేదని కొందరు ఇంగ్లీషు ఆరాధన కావాలంటున్నారు. కట్టడానికి వచ్చే కానుకల లెక్క ఎవరు చూస్తారో తేలలేదు. మాటా మాటా వచ్చి రెండు కుటుంబాలు రావడం మానేస్తే వాళ్ల ఇంటికి వెళ్లి పలకరించిన మనిషి లేడు. ఇక కులం సంగతి మీటింగులో ఎవరూ ఎత్తరు, కానీ కమిటీకి పేర్లు చెప్పేటప్పుడు, పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు అందరి మనసులోనూ అదే.

ఇది సరిగ్గా జరగాలని నాకు చాలా ఉంది. దీన్ని కమిటీ రాయాలా, అందరూ కలిసి రాయాలా? నిబంధన మీద సంతకాలు పెట్టించాలా? పెట్టనివాళ్ల సంగతేంటి?

ఒంగోలు మాస్టారు

కంపెనీల పద్ధతి అనే పెద్దలకు ముందు ఇది చెప్పండి బాబూ. బాప్టిస్టు సంఘాల్లో సంఘ నిబంధన చాలా పాత సంప్రదాయం. అమెరికాలో 1853లో జె. న్యూటన్ బ్రౌన్ అచ్చువేయించిన నిబంధనను ఎన్నో సంఘాలు వాడాయి. అందులో ఉన్నవన్నీ చేసే పనులే. ఇంట్లో కుటుంబ ప్రార్థన చేస్తాం, సారా తాగం, అమ్మం, బీదలకు ఇస్తాం, జబ్బు చేసినవాళ్లకి సాయపడతాం, తొందరపడి నొచ్చుకోం, సమాధానపడడానికి ఆలస్యం చేయం, వేరే ఊరు వెళ్తే అక్కడ వీలైనంత త్వరగా ఇంకో సంఘంలో చేరతాం. మీ డ్రాఫ్టులో ఇలాంటి పని ఒక్కటి చూపించమనండి.

మన నేల మీదే ఇంకా గట్టి ఉదాహరణ ఉంది. ఒంగోలు సంఘం 1867 జనవరి 1న ఎనిమిది మందితో మొదలైంది. అమెరికా మిషనరీ క్లౌ దొర, ఇక్కడి బోధకుడు యెర్రగుంట్ల పేరయ్య లాంటి వాళ్లు పల్లెల్లో సువార్త చెప్పినప్పుడు నమ్మినవాళ్లు మూడు మాటలకు కట్టుబడ్డారు: ఆదివారం పని చేయం, చచ్చిన పశువు మాంసం తినం, విగ్రహాలకు మొక్కం. ఇప్పుడు వింటే తేలిగ్గా అనిపిస్తుంది. కానీ మాదిగపల్లె మనిషి ఆ రోజుల్లో ఆదివారం పనికి రాను అంటే రైతు ఊరుకుంటాడా? చచ్చిన గొడ్డును తీయడం, జాతరలో డప్పు కొట్టడం ఊరు వాళ్ల నెత్తిన పెట్టిన పని. ఆ మూడు మాటల కోసం కూలి పోగొట్టుకున్నారు, దెబ్బలు తిన్నారు, మాట మీద నిలబడ్డారు. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి అందరూ గొప్పగా చెప్పుకుంటాం, దానికి ముందు ఆ పల్లెల్లో ఈ మూడు మాటలు ఎంత కష్టంగా నిలిచాయో మాత్రం చెప్పుకోం. అక్షరం రానివాళ్లు కూడా వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పగలిగిన నిబంధన అది. మీ దాంట్లో ఏ వాక్యం వల్ల ఎవరికి ఏం నష్టమో అడగండి. ఎవరికీ ఏ నష్టమూ లేకపోతే ఇంకా రాయనట్టే లెక్క.

మెదక్ ఆడపడుచు

మాస్టారు గారి మాటకు చిన్న చేర్పు. మేము సీఎస్ఐ, మెథడిస్టు మూలం. కొత్త సంవత్సరంలో నిబంధన ఆరాధన చేస్తాం, మెథడిస్టుల మూలపురుషుడు జాన్ వెస్లీ 1755లో లండన్‌లో మొదలుపెట్టింది అదే. అందులో నాకు ఎప్పుడూ గుచ్చుకునే మాట, నీ కోసం నన్ను పనిలో పెట్టినా సరే, పక్కన పెట్టినా సరే అని దేవునితో చెప్పడం. కమిటీ ఎన్నికల్లో ఓడిపోయి మరుసటి ఆదివారం నుంచి కనపడని వాళ్లను చూశాను కాబట్టి చెప్తున్నా, మీ నిబంధనలో ఈ సంగతి తప్పకుండా ఉండాలి.

మీలాగా రకరకాల మూలాలు కలిసిన సంఘానికి సీఎస్ఐ కథే ఒక పాఠం అనుకుంటా. వేర్వేరు సంఘాలు ఒకటవ్వాలని 1919లో తమిళనాడులోని తరంగంబాడిలో మాటలు మొదలైతే ఐక్యత జరిగింది 1947 సెప్టెంబరు 27న. ఇరవై ఎనిమిదేళ్లు! దోర్నకల్ బిషప్ అజరయ్య గారు ఆ పని మొదలుపెట్టిన వాళ్లలో ఒకరు, 1945లోనే కన్నుమూశారు, కలవడం చూడలేదు. అప్పుడు వాళ్లు ఒకరికొకరు ఇచ్చుకున్న మాట ఏంటంటే, ఏ సంఘం మీదా దానికి అలవాటు లేని ఆరాధన పద్ధతిని, మనస్సాక్షి ఒప్పుకోని సేవకుడిని బలవంతంగా రుద్దం అని. మీ ఇంగ్లీషు ఆరాధన గొడవకు ఇక్కడ దారి దొరుకుతుంది. ఎవరి మీద ఎవరూ రుద్దం అనే మాట ముందు ఇచ్చుకోండి, ఏ ఆదివారం ఏ భాష అనేది తర్వాత చూసుకోవచ్చు.

డాలస్ నుంచి ఒక బ్రదర్

మా తెలుగు సంఘంలో ఈ పని అయింది, పద్ధతి చెప్తాను. డ్రాఫ్టుతో మొదలుపెట్టొద్దు. డ్రాఫ్ట్ చూపిస్తే జనం అందులో మాటలు సరిచేస్తారు తప్ప మనసులో ఉన్నది చెప్పరు. ఇళ్లలో ప్రార్థన కూటాలు ఉంటాయి కదా, ఎనిమిది పది మంది కూర్చునేవి, అక్కడ అడగండి. ఈ సంఘం నీకు ఎప్పుడు తోడు నిలబడింది, ఎప్పుడు నిన్ను వదిలేసింది, రేపు ఈ సంఘం లేకపోతే మన వీధిలో ఎవరికి లోటు? మూడో ప్రశ్నకు మా దగ్గర ఎవరికీ జవాబు రాలేదు, మా మిషన్ అంతా ఆ మౌనంలోంచే పుట్టింది. స్త్రీలను విడిగా కూర్చోబెట్టి అడగండి, మగవాళ్లున్నప్పుడు రాని మాటలు అప్పుడు వస్తాయి. పిల్లల్ని కూడా అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసుకుని, చివర్లో మాత్రం ఒకరిద్దరు కూర్చుని రాయాలి, ఇరవై మంది కలిసి వాక్యం రాయలేరు.

చిన్నదిగా ఉంచండి. 1629లో అమెరికాలో సేలం సంఘం వాళ్లు రాసుకున్న నిబంధన ఒక్క వాక్యం, దేవునితోనూ ఒకరితో ఒకరమూ కలిసి ఆయన దారుల్లో నడుస్తాం అని. గొడవ వస్తే ఏం చేయాలో మాత్రం వివరంగా రాయండి. మత్తయి 18లో వరస ఉంది కదా, ముందు ఒంటరిగా వెళ్లి మాట్లాడు, వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్లు, ఆ తర్వాతే సంఘం ముందు పెట్టు. మనవాళ్లు ముందు వాట్సాప్ గ్రూపులో పెడతారు. కానుకల లెక్క కూడా అంతే, వేర్వేరు కుటుంబాల వాళ్లు ఇద్దరు కలిసి లెక్కపెడతారు, నెలనెలా నోటీసు బోర్డు మీద పెడతారు అని సూటిగా రాయండి. సంతకాలు వద్దని నా అభిప్రాయం. సంతకం పెట్టనివాడు ఆ రోజే బయటివాడైపోతాడు.

స్త్రీల సమాజం

సంతకాల సంగతి నెహెమ్యా గ్రంథంలో ఉందండీ. 10వ అధ్యాయంలో పెద్దలు ముద్రలు వేశారు, మిగతా జనం, వాళ్ల భార్యలు, కొడుకులు, కూతుళ్లు, తెలివి వచ్చిన ప్రతివాళ్లూ ప్రమాణంలో కలిశారు. ఏం రాసుకున్నారో చూడండి, విశ్రాంతి దినాన సరుకు కొనం, మందిరపు సేవకు ఏటా తులం వెండిలో మూడో వంతు ఇస్తాం, బలిపీఠానికి కట్టెలు ఎవరు ఎప్పుడు తేవాలో చీట్లు వేసుకుంటాం. కట్టెల సంగతి కూడా రాసుకున్నారు! "సమాజాన్ని మార్చే సంఘం" లాంటి మాట ఒక్కటి లేదు.

కానీ 13వ అధ్యాయం కూడా చదవండి. నెహెమ్యా రాజు దగ్గరకు వెళ్లి తిరిగి వచ్చేసరికి విశ్రాంతి దినాన బజారు నడుస్తోంది, రావలసింది రాక మందిరంలో సేవచేసే లేవీయులు పొలాలకు పారిపోయారు, మందిరంలో గది నెహెమ్యాకు విరోధి అయిన టోబీయాకు ఇచ్చేశారు. రాసుకున్నవాళ్లే మర్చిపోయారు. అందుకని ఏటా ఒకరోజు పెట్టుకుని నిబంధన చదివి, ఏది తప్పామో పేరు పేరునా కాకుండా సంఘంగా ఒప్పుకోవాలని అందులోనే రాసుకోండి.

శివారు సంఘం సెక్రటరీ

అందరికీ చాలా థాంక్స్. ఇవన్నీ పాస్టర్ గారికి చదివి వినిపించాను. ప్రొజెక్టర్ డ్రాఫ్ట్ పక్కన పెట్టేశాం, యూత్ వాళ్లు నొచ్చుకోలేదు, ఇళ్ల కూటాల్లో చెప్పినవి రాసుకునే పని వాళ్లే తీసుకున్నారు. అంతకన్నా ముందు, మానేసిన రెండు కుటుంబాల దగ్గరకు పాస్టర్ గారూ ఇద్దరు పెద్దలూ వెళ్తున్నారు, వాళ్లను అడగకుండా రాసేది మన నిబంధన ఎలా అవుతుంది అని ఆయనే అన్నారు. సంతకాలు లేవు, అందరం నిలబడి చదువుతాం, ఏటా కొత్త సంవత్సరం ఆరాధనలో మళ్లీ చదువుతాం.

మాస్టారూ, నష్టం ఉన్న వాక్యం అడిగారు కదా. "కమిటీకి పేరు చెప్పేటప్పుడు గానీ, పెళ్లి కుదుర్చుకునేటప్పుడు గానీ కులం చూడం" అని ఒకటి పెట్టాం. కమిటీ వరకు ఒప్పుకున్నారు. పెళ్లి మాట తీసేయమని ఒక పెద్దాయన పట్టుబడుతున్నారు.

ఒంగోలు మాస్టారు

తీయొద్దు బాబూ. ఆయన ఇంట్లోనే ఒక కూటం పెట్టండి, పిల్లలు, కోడళ్లు కూడా ఉండగా ఆ వాక్యం మీదే మాట్లాడండి. ఎన్నాళ్లు పట్టినా సరే, ఆయన్ని వదిలేసి మాత్రం ఓటింగ్ పెట్టకండి.