ఐదు స్టార్లు దేనికి: పలకరింపుకా, వైద్యానికా?

మెట్లదారి:
అమ్మని ఆరేళ్లుగా ఒకే క్లినిక్‌లో చూపిస్తున్నాను. డాక్టరుగారు మంచి మనిషి. మోకాళ్ల సంగతి, మనవడి చదువు సంగతి అడిగాకే మందుల ఊసెత్తుతారు. ఆన్‌లైన్‌లో రేటింగ్ 4.7. నేనూ ఐదు స్టార్లిచ్చినవాణ్నే.

పోయిన నెల ఎందుకో ఫోన్ జేబులో పెట్టేసి, జరిగేది చూస్తూ కూర్చున్నాను. అమ్మ రెండంతస్తులు ఎక్కి ఆయాసపడుతూ వచ్చింది. కుర్చీలో ఇలా కూర్చుందో లేదో, స్వెటర్ చేతి మీదే బీపీ పట్టీ చుట్టారు. లిఫ్ట్ పాడైందని ఆవిడ చెబుతూనే ఉంది, ఆయన ఊకొడుతూనే ఉన్నారు, మెషిన్ 168 చూపించింది. డోసు పెంచారు. మూడు నిమిషాల్లో బయటికొచ్చాం, ఇద్దరం సంతోషంగానే.

పది రోజులకి తెల్లవారుజామున బాత్రూం గుమ్మంలో అమ్మకి కళ్లు తిరిగాయి. గోడ పట్టుకుంది కాబట్టి సరిపోయింది. కాసేపు కూర్చోబెట్టి బీపీ చూస్తే 104.

డాక్టరుగారి తప్పేమో అంటే అమ్మ నా మీదే కోప్పడింది. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. ఒక క్లినిక్ మంచిదో కాదో మనలాంటి మామూలు వాళ్లం తేల్చగలమా? లేక తనిఖీలు చేసేవాళ్లకి, లెక్కలు తీసేవాళ్లకి వదిలేయాలా?

కొలబద్ద:
ముందు అమ్మగారి సంగతి. మాత్ర సొంతంగా ఆపెయ్యకండి. ఇవాళే ఫోన్ చేసి 104 వచ్చిందని చెప్పండి. లేచి నిలబడ్డాక బీపీ ఇంకా తగ్గిపోతోందేమో చూసి అదీ చెప్పండి.

ఇక మీ ప్రశ్న. బీపీ చూసేముందు మనిషిని ఐదు నిమిషాలు ఊరికే కూర్చోనివ్వాలి. వీపుకి ఆనుడు, పాదాలు నేలమీద, చేయి గుండె ఎత్తులో, పట్టీ బట్ట మీద కాకుండా ఒంటిమీద, నోట మాట లేకుండా. మీరు చెప్పినదాన్నిబట్టి ఇందులో సగం కూడా జరగలేదు. అయినా 4.7! మార్కులు వేస్తున్నది పలకరింపుకి కాబట్టి.

అమెరికాలో 50 వేల మందికి పైగా వయోజనుల వివరాలతో 2012లో ఒక అధ్యయనం వచ్చింది. డాక్టరు మీద అందరికన్నా ఎక్కువ తృప్తి చెప్పినవాళ్లలో మరణాల ముప్పు, తక్కువ తృప్తి చెప్పినవాళ్లకన్నా 26 శాతం ఎక్కువ. మందుల ఖర్చూ వాళ్లకే ఎక్కువ. అంతెందుకు, ఇంగ్లండ్‌లో హైడ్ అనే ఊళ్లో హెరాల్డ్ షిప్‌మన్ అనే డాక్టరుండేవాడు. పేషెంట్లు చాలామందికి ఆయనంటే గురి. 15 హత్యల కేసులో 2000లో శిక్షపడింది, ఆ తర్వాత విచారణలో 215 మందిని చంపాడని తేలింది. రోగి నమ్మకం కొలమానమే కాదు.

ఎదురుగాలి:
ఒక హంతకుణ్ని తెచ్చి మంచిగా మాట్లాడే డాక్టర్లందరి పక్కనా నిలబెడతారా? షిప్‌మన్ దొరకనిది పేషెంట్లకి ఒక్కరికేనా? ఫైళ్లు, సర్టిఫికెట్లు చూసే యంత్రాంగానికీ ఏళ్ల తరబడి దొరకలేదు. మరి ఆ యంత్రాంగమూ కొలమానం కాదనాలి కదా.

ఆ 26 శాతం కూడా చూడాల్సినట్టు చూడండి. తృప్తి వల్ల ఎవరూ చనిపోరు. జబ్బు ముదిరి డాక్టరు దగ్గరికి తరచూ వెళ్లేవాళ్లకి ఆయనతో చనువు పెరిగి ఉండొచ్చు. అలాంటి తేడాలను లెక్కలోంచి తీసేయడానికి ప్రయత్నించారు, కానీ అన్నిటినీ తీసేయడం ఎవరి వల్లా కాదు.

నా వైపు నుంచి ఒకటి చెబుతాను. ఒకే డాక్టరు దగ్గరికి ఏళ్లపాటు వెళ్లడం గురించి వచ్చిన 22 అధ్యయనాలను 2018లో ఒకచోట చేర్చి చూశారు. వాటిలో 18 అధ్యయనాల్లో అలా వెళ్లినవాళ్లకి మరణాలు తక్కువ. మనవడి చదువు గురించి అడగడం మీకు కాలక్షేపంలా కనిపిస్తోంది. రేపు ఆవిడ మలంలో రక్తం పడుతోందని సిగ్గుపడకుండా చెప్పేది ఆ మనిషికే.

వానాకాలం:
మా డాక్టరు నేను రెండో వాక్యం మొదలుపెట్టేసరికి చీటీ రాసేస్తారు. పలకరింపు దొరికినవాళ్లు అదృష్టవంతులు.

రిసెప్షన్ బల్ల:
పదకొండేళ్లు ఒక క్లినిక్‌లో ముందు బల్ల దగ్గర పనిచేశాను. మీ ఇద్దరూ డాక్టరు గదిలోనే ఉండిపోయారు. సగం వైద్యం గది బయట చెడుతుంది.

లెక్కలు నమ్మేవాళ్లకి ముందు ఒక మాట. మా దగ్గర "బీపీ 140 లోపు ఉన్నవాళ్లు ఎంతమంది" అని పైనుంచి అడగడం మొదలుపెట్టారు. 144 వస్తే మళ్లీ చూడు, 141 వస్తే మళ్లీ చూడు, 138 రాగానే రాసెయ్. 136 వచ్చినవాళ్లకి రెండోసారి చూసినట్టు నాకు గుర్తులేదు. ఎవరూ అబద్ధం రాయలేదు, చిత్రం ఏమిటంటే. ఆ ఏడాది మా క్లినిక్ కాగితం మీద చాలా బాగుపడింది.

నన్నడిగితే ఏ క్లినిక్‌కైనా ఒక్క ప్రశ్న వేయండి: "టెస్టు రిపోర్టు వచ్చాక నాకు ఎవరు చెబుతారు, ఎప్పటిలోగా?" "తేడా ఉంటే మేమే ఫోన్ చేస్తాం" అన్నారంటే జాగ్రత్త. ఒకసారి ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే ట్రే లాగాను. అడుగున ఒకావిడ రక్తం రిపోర్టు, మూడు వారాల కిందటిది. హిమోగ్లోబిన్ 6.1, అంటే ప్రమాదకరంగా తక్కువ. క్లినిక్ నుంచి ఫోన్ రాలేదు కదా, అంతా బాగుందనుకుని ఆవిడ ఇంట్లో ఉంది. ఆ డాక్టరు చాలా మంచి డాక్టరు, రిపోర్టు ఆయన కంటపడితేగా!

కొలబద్ద:
ఆ 138 కథ నాకు మింగుడుపడటం లేదు గానీ, కాదనలేను. బ్రిటన్‌లో 2004 నుంచి ఇలాంటి లక్ష్యాలకి క్లినిక్‌లకు డబ్బు కట్టారు, అక్కడా ఇదే గొడవ నడిచింది.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. చిన్న క్లినిక్‌లో ఫలితాలను లెక్కపెట్టి లాభం లేదు. ఏడాదికి నలుగురో ఐదుగురో పోతారు. వచ్చే ఏడు ఏడుగురైతే అది వైద్యం తప్పా, విధి ఆటా? ఆ అంకెలతో చెప్పలేం. 1966లో డొనబేడియన్ అనే ఆయన నాణ్యతను మూడు వైపుల నుంచి చూడమన్నాడు: ఉన్న వసతులు, చేసే పని తీరు, వచ్చిన ఫలితం. మనకి కనిపించేది మధ్యలోది. పట్టీ ఎక్కడ చుట్టారు, రిపోర్టు ఎవరు చూశారు. చూడటం తెలిస్తే రోగికి కూడా కనిపిస్తుంది. నేను మొదట అన్నంత గట్టిగా ఇప్పుడు అనను.

నిద్రలేని నాన్న:
మా పాపకి ఏడాది వయసులో జ్వరం, జలుబు. మొదటి డాక్టరు రెండు నిమిషాల్లో యాంటీబయాటిక్ రాసిచ్చారు. మాకు ధైర్యం వచ్చింది. తగ్గకపోయేసరికి వేరే ఆవిడ దగ్గరికి వెళ్లాం. పాప చొక్కా విప్పించి, వాచీ చూస్తూ నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టింది. "వైరస్ అండీ, యాంటీబయాటిక్ పనిచేయదు, ఆపేయండి" అంది. కొత్త మందు ఏదీ ఇవ్వలేదు. చీటీ మీద మూడు వాక్యాలు రాసింది: ఊపిరి వేగం పెరిగినా, డొక్కలు లోపలికి ఎగురుతున్నా, ఉచ్చ తగ్గినా అర్ధరాత్రయినా ఆస్పత్రికి వెళ్లండి. ఒళ్లుమండి ఇంటికొచ్చి రెండు స్టార్లిచ్చాను.

మర్నాడు రాత్రి రెండింటికి డొక్కలు ఎగురుతున్నాయి. ఆ చీటీ లేకపోతే అది జ్వరం అలసటే అనుకునేవాణ్ని. రెండు రోజులు ఆక్సిజన్ పెట్టారు, కోలుకుంది.

ఆ రెండు స్టార్లు ఇప్పటికీ అలాగే ఉన్నాయి, పాస్‌వర్డ్ మర్చిపోయాను.

ఎదురుగాలి:
ఆవిడ రాసిన మూడు వాక్యాలు కూడా పలకరింపే అంటాను, మీరు ఒప్పుకోరు. చదవడం రానివాళ్లకి చీటీ సరిపోదు, "నేను చెప్పింది మీ మాటల్లో చెప్పండి" అని అడగాలి. అలా అడిగే డాక్టరు కనిపిస్తే వదలకండి.

మెట్లదారి:
ఇక్కడ చెప్పినట్టే ఆ రోజే ఫోన్ చేశాను. పాత డోసుకే వెళ్లమని, వారం పాటు ఉదయం, సాయంత్రం బీపీ రాసుకు రమ్మని అన్నారు. నిన్న ఆ కాగితం చేతిలో పెట్టాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "స్వెటర్ తీసేయమ్మా, కాసేపు కూర్చో" అన్నారు. ఐదు నిమిషాలు నిజంగానే ఆగారు. 132. పాత డోసే ఉంచారు. "మంచి పని చేశావు" అని నాతో అన్నారు, నొచ్చుకోలేదు. రిపోర్టుల సంగతి అడిగితే మాత్రం "మేమే ఫోన్ చేస్తాంగా" అంది రిసెప్షన్ అమ్మాయి.

అమ్మకి చెప్పులు తొడుగుతూ వెనక్కి చూశాను. తర్వాతి పెద్దాయన చేతికర్ర ఇంకా గోడకి ఆనించనే లేదు, చొక్కా చేతి మీదే పట్టీ చుట్టేస్తున్నారు.