‘ఎంట్రీ పాయింట్’ను తెలుగులో ఏమందాం: బిందువా, కడపా, వాకిలా?

ప్రశ్న: అమీర్‌పేటలో తెలుగు మీడియం నుంచి వచ్చే పిల్లల కోసం పైథాన్ నోట్సు తయారవుతోంది. చిన్న స్క్రిప్టును ఇన్‌స్టాల్ చేసుకునే కమాండ్‌గా మార్చే పాఠంలో ‘ఎంట్రీ పాయింట్’కి, అంటే ప్రోగ్రాము నడక మొదలయ్యే చోటుకి, ‘ప్రవేశ బిందువు’ అని రాశారు. సరిపోతుందా అండీ?

జవాబు: బిందువు వద్దండీ, జామెట్రీ పాఠంలా ఉంది. ‘కడప’ అనండి. కోస్తావాళ్ల గడపే మన దిక్కు కడప. బయట టెర్మినల్, లోపల ఫంక్షన్, మధ్యలో కడప.

మరో జవాబు: మంచి మాటే, కానీ ‘వాకిలి’ అంటే తప్పెక్కడ జరుగుతుందో కూడా తెలుస్తుంది. ఈ ఇంటికి వాకిళ్లు రెండు. ఫైలును నేరుగా పైథాన్‌తో నడిపితే చివర రాసుకునే ‘ఇఫ్ నేమ్ ఈక్వల్స్ మెయిన్’ బ్లాకు ఒక వాకిలి. కమాండ్ పేరు కొడితే ఫైలు ఇంపోర్ట్ అవుతుంది, ఆ బ్లాకు నడవదు, మనం చెప్పిన ఫంక్షనే నడుస్తుంది. అది రెండో వాకిలి. ఆర్గ్యుమెంట్లను (కమాండ్ పక్కన ఇచ్చే విలువలను) బ్లాకులో చదివి ‘మెయిన్’ అనే ఫంక్షన్ చేతికిచ్చిన స్క్రిప్టు కమాండ్‌గా మారగానే టైప్ ఎర్రర్ ఇచ్చేది ఇందుకే: రెండో వాకిలి గుండా ‘మెయిన్’ ఖాళీ చేతులతోనే వస్తుంది. ఆర్గ్యుమెంట్లను చదివే ఆర్గ్‌పార్స్ మాడ్యూల్ పనంతా ‘మెయిన్’ లోపలే పెట్టాలి. బ్లాకులో ‘మెయిన్’ను పిలిచే లైను తప్ప ఇంకేమీ ఉండకూడదు.

ప్రశ్న: ఆ రెండో వాకిలి ఎక్కడ రాయాలి?

జవాబు: ప్రాజెక్టు వివరాలు రాసే పైప్రాజెక్ట్ డాట్ టామల్ ఫైల్లో, ‘ప్రాజెక్ట్ డాట్ స్క్రిప్ట్స్’ భాగం కింద. ఎడమవైపు కమాండ్ పేరు, ఈక్వల్స్, కుడివైపు కోట్స్‌లో మాడ్యూల్ పేరు, కోలన్, ఫంక్షన్ పేరు. బ్రాకెట్లు పెట్టొద్దు, మాడ్యూల్ చివర ‘డాట్ పీవై’ రాయొద్దు. ప్రాజెక్టు పేరులో హైఫన్ ఉండొచ్చు, మాడ్యూల్ పేరులో మాత్రం అండర్‌స్కోరే. రాస్తూ పరీక్షించేటప్పుడు, పైథాన్ ప్యాకేజీలు ఎక్కించే పిప్‌తో ‘పిప్ ఇన్‌స్టాల్ హైఫన్ ఈ డాట్’ అంటే చాలు. కోడ్ మారిస్తే మళ్లీ ఇన్‌స్టాల్ అక్కర్లేదు, కమాండ్ పేరు మారిస్తే తప్పదు.

ఇంకొకరు: ‘మెయిన్’ తిరిగిచ్చే విలువ నేరుగా ప్రోగ్రామును ముగించే సిస్ డాట్ ఎగ్జిట్‌కి పోతుందని కూడా రాయండి. ఏమీ ఇవ్వకపోయినా, 0 ఇచ్చినా విజయమే. స్ట్రింగ్ ఇస్తే అది ఎర్రర్‌గా అచ్చయి, ఎగ్జిట్ కోడ్ 1 అవుతుంది.

జవాబు: ‘పాత్’ మాట కూడా తేల్చాలి. ‘దారి’ అంటే ఫైల్ పాత్‌తో కలిసిపోతుంది. షెల్ కమాండ్ కోసం వరసగా వెతికే ఫోల్డర్ల జాబితాకు ‘వెతికే తోవలు’ అంటే బాగుంటుంది. డెబియన్ 12 లినక్స్‌లో సిస్టమ్ పైథాన్‌లోకి పిప్ ఎక్కించనివ్వదు కాబట్టి, ఒక్కో ప్రోగ్రామును విడిగా ఎక్కించే పిప్‌ఎక్స్ వాడతాం. అది కమాండ్‌ను హోమ్‌లోని డాట్ లోకల్, బిన్ ఫోల్డర్లో పెడుతుంది. ఆ ఫోల్డరు తోవల్లో లేకపోతే ‘కమాండ్ నాట్ ఫౌండ్’. ‘పిప్‌ఎక్స్ ఎన్ష్యూర్‌పాత్’ కొట్టి, టెర్మినల్ మూసి తెరవాలి.

ప్రశ్న అడిగినవారు: ‘వాకిలి’, ‘వెతికే తోవలు’ ఖాయం చేస్తున్నాం.

జవాబు: మొదటిసారి వచ్చినచోట పక్కనే ‘ఎంట్రీ పాయింట్’ అని కూడా ఉంచండి. ఎర్రర్ వచ్చినప్పుడు పిల్లలు వెతుక్కోవాల్సింది ఆ మాటతోనే.