ఫిలాసఫీ ఎంఏకి కంప్యూటర్ ఎంతవరకు రావాలి?

కుండలో_ఆకాశం:
అందరికీ నమస్తే. తెలుగు మీడియంలో బీఏ చేసి ఈ ఏడాదే ఎంఏ ఫిలాసఫీలో చేరాను. ఇన్నాళ్లూ ఫోన్‌తోనే నెట్టుకొచ్చా, మొన్న సంక్రాంతికి నాన్న సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనిచ్చారు. శంకరుల అధ్యాస భాష్యం (అధ్యాస అంటే ఒకదాన్ని ఇంకొకటిగా పొరబడటం) మీద 20 పేజీల సెమినార్ పేపర్ ఇవ్వాలి. చేత్తో రాసి మా ఊరి డీటీపీ సెంటర్‌లో ఇస్తే అను ఫాంట్‌లో కొట్టిచ్చారు. అందులోంచి కాపీ చేసి మేడంకి మెయిల్ పెడితే "ఇదేంటమ్మా, అన్నీ పిచ్చి గుర్తులే వస్తున్నాయి" అన్నారు, సిగ్గుతో చచ్చిపోయా. ఇప్పుడు క్లాస్‌మేట్ పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోమంటోంది, బాబాయ్ ఆరు నెలల కంప్యూటర్ కోర్సులో చేరమంటున్నాడు. నిజంగా మనకి కావలసినవి ఏంటి? టెన్షన్‌గా ఉంది.

తర్కం_టీ:
చెల్లీ, కోర్సూ వద్దు, పైథానూ వద్దు, కనీసం ఈ ఏడాదికి. ముందు యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతిలో, టైప్ చేయడం నేర్చుకో. పాత అను ఫాంట్లలో కంప్యూటర్ దృష్టిలో ఉన్నవి తెలుగు అక్షరాలు కావు, ఇంగ్లిష్ అక్షరాలకి తొడిగిన తెలుగు బొమ్మలు, ఫాంట్ లేని చోట తొడుగు ఊడిపోతుంది, మీ మేడంకి కనిపించింది అదే. విండోస్‌లోనే తెలుగు కీబోర్డ్ ఉంటుంది, భాషల సెట్టింగ్స్‌లో కలుపుకుంటే చాలు. రెండు వారాలు వేళ్లు తడబడతాయి, తర్వాత డీటీపీ డబ్బులు మిగులుతాయి. గూగుల్ డాక్స్‌లో మాట్లాడితే టైప్ చేసేది కూడా ఉంది కానీ, నేను "అధ్యాస" అంటే అది "అధ్యాయం" అని రాసింది, మన సబ్జెక్ట్‌కి దాన్ని నమ్మలేం.

తర్వాత ఫుట్‌నోట్. ఎంఫిల్‌లో నేను నంబర్లన్నీ చేత్తో వేసి, పైకి ఎత్తి, చిన్నవి చేసి మురిసిపోయా. సార్ మూడో పేజీలో ఒక నోటు కొట్టేశారు. అంతే, కింద ఉన్న 84 నంబర్లూ మళ్లీ మార్చుకుంటూ రాత్రంతా కూర్చున్నా. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్ కలిపి నొక్కితే వర్డే నంబరు వేస్తుంది, మధ్యలోది తీసేస్తే మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి. ఈ సంగతి ఆ రాత్రి దాకా నాకు ఎవరూ చెప్పలేదు.

సముద్రపుగాలి:
పై అన్న చెప్పింది నిజమే, కానీ మనవాళ్లకి అసలు రానిది వెతకడం. ప్రతిదానికీ గూగుల్లో మొదటి లింకు నొక్కి రాసేస్తారు. స్టాన్‌ఫర్డ్ ఫిలాసఫీ ఎన్‌సైక్లోపీడియా 1995 నుంచీ ఉచితంగానే ఉంది, ప్రతి వ్యాసం చివరా చదవాల్సిన పుస్తకాల పట్టిక ఉంటుంది, సగం పని అక్కడే అయిపోతుంది. అందులో వ్యాసాలని మారుస్తూ ఉంటారు కాబట్టి ఏ ఎడిషన్ చూశావో రాయాలి. మన యూనివర్సిటీల థీసిస్‌లకి శోధ్‌గంగ అనే సైట్ ఉంది. ఇక ఏఐని అడిగి రిఫరెన్సులు పెట్టేవాళ్లకో దండం, లేని పుస్తకానికి పేజీ నంబరుతో సహా ఇస్తుంది, వైవాలో ఆ పుస్తకం చూపించమంటే ఏం చేస్తారు?

ఇంకోటి, నీ పేపర్‌కే పనికొచ్చేది. శంకర భాష్యం టెక్స్ట్‌లో "అవభాస" (కనిపించడం) అని కంట్రోల్ ఎఫ్ కొట్టి చూడు. అధ్యాసకి ఇచ్చిన అసలైన నిర్వచనమే దొరకదు! ఎందుకంటే అక్కడున్నది "స్మృతిరూపః పరత్ర పూర్వదృష్టావభాసః", సంధిలో అకారం కలిసిపోయింది. "వభాస" అని వెతకాలి. కంప్యూటర్‌కి సవర్ణదీర్ఘం తెలీదు, నీకు తెలియాలి.

పాతబస్తీ_ప్లేటో:
అందరూ టైపింగ్ గురించే చెప్తున్నారు, ఫైల్ దాచుకోవడం ఎవరు చెప్తారు? నా డిసర్టేషన్ ఒక జిరాక్స్ షాపులో పెన్‌డ్రైవ్ పెట్టిన పాపానికి వైరస్ పాలైంది. ఇంట్లో ఉన్న కాపీ మూడు వారాల కిందటిది. అప్పట్నుంచీ గూగుల్ డ్రైవ్‌లో ఒకటి, మెయిల్‌లో ఒకటి, ఫైల్ పేరులో తేదీ. "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఇదే ఫైనల్" అని పెట్టుకుంటే మునిగిపోతావ్. పుస్తకాల లెక్క రాసుకోడానికి జొటెరో అనే సాఫ్ట్‌వేర్ బాగుంటుంది, ఉచితం, కానీ 20 పేజీలకి అవసరం లేదు, నోట్‌బుక్ చాలు. (తర్కం అన్న ఒప్పుకోడని తెలుసు.)

తర్కం_టీ:
ఒప్పుకోను. 20 పేజీలప్పుడు అలవాటు చేసుకోకపోతే 200 పేజీలప్పుడు ఏడుస్తారు.

కుండలో_ఆకాశం:
"వభాస" కొట్టగానే దొరికింది! మీ అందరికీ థాంక్స్. ఇంకొక్క డౌట్, లాజిక్ పేపర్‌లో తలకిందుల ఎ లాంటి గుర్తు ఉంటుంది కదా, ప్రింట్ తీశాక పెన్నుతో గీస్తున్నాను.

సముద్రపుగాలి:
అయ్యో తల్లీ. వర్డ్‌లో 2200 అని కొట్టి వెంటనే ఆల్ట్, ఎక్స్ నొక్కు, ∀ అయిపోతుంది. 2203 అయితే ∃. ఇది వాట్సాప్‌లో పనిచేయదు, అక్కడ కొట్టి చూసి నన్ను తిట్టొద్దు.