పని ఒత్తిడిలో ఉన్నప్పుడు బడిలో మన నిజాయితీ ఎక్కడ జారుతుంది?

ప్రశ్న:
పన్నెండేళ్లుగా ఉన్నత పాఠశాలలో పాఠాలు చెబుతున్నాను. తనిఖీకి ముందురోజు సాయంత్రం నలభై నోటుపుస్తకాలు దిద్దుతూ, ఒక పిల్లవాడు ఖాళీగా వదిలేసిన పేజీ మీద కూడా ఎర్ర సిరాతో టిక్కు పెట్టి, సంతకం చేసి, తేదీ వేశాను. మర్నాడు ఆ పిల్లవాడే పుస్తకం తెచ్చి, "టీచర్, ఇక్కడ నేనేమీ రాయలేదు" అని చూపించాడు. అబద్ధమాడాలని అనుకోలేదు, కానీ ఆ సంతకం అబద్ధమే. ఒత్తిడి మనిషి నడవడిని నిజంగానే మారుస్తుందా, లేక ఇది నేను వెతుక్కుంటున్న సాకా?

జవాబు (తోటి ఉపాధ్యాయుడు):
సాకని నేననను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన ఐసీడీ-11 అనే అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణలో, ఎడతెగని పని ఒత్తిడితో మనిషి డస్సిపోవడాన్ని, అంటే బర్న్‌అవుట్‌ను జబ్బుగా కాక, పనికి సంబంధించిన స్థితిగా చేర్చారు. అందులో చెప్పిన లక్షణాల్లో శక్తి హరించుకుపోవడం ఒకటి, పని నుంచి మనసు దూరం జరగడం మరొకటి. నాకు భయం రెండోదాని గురించే. అలసిన మనిషి విశ్రాంతి తీసుకుంటే తేరుకుంటాడు గానీ, పిల్లవాడు ముగించాల్సిన నలభైలో ఒకడిగా కనబడడం మొదలైతే, చూడకుండా సంతకం పెట్టడం తప్పుగా తోచదు. మీకింకా తోచింది కదా.

జవాబు (బడి గుమస్తా):
పని భారం కంటే, ఆ పని మీద మన మాట చెల్లకపోవడమే ఎక్కువగా నలిపేస్తుందని నా అనుభవం. భారం ఎక్కువై, నిర్ణయాధికారం తక్కువైన చోటే ఒత్తిడి తీవ్రమవుతుందని 1979లోనే కరాసెక్ అనే పరిశోధకుడు ప్రతిపాదించారు. హాజరు పట్టీలోని ఖాళీలను సాయంత్రానికల్లా నింపమన్నప్పుడు, కుదరదనే దారి లేకపోతే, గుమస్తా చేతిలోని కలం తనంతట తానే నింపేస్తుంది.

జవాబు (ప్రధానోపాధ్యాయురాలు):
ఇందులో మా బాధ్యతే పెద్దది. అమెరికాలోని అట్లాంటా ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లల పరీక్ష జవాబులను సిబ్బందే చెరిపి దిద్దిన వ్యవహారంలో, 2011 నాటి విచారణ నివేదిక 44 బడుల్లో 178 మందిని తప్పుపట్టింది. పై నుంచి వచ్చిన లక్ష్యాల ఒత్తిడినీ, భయపెట్టే వాతావరణాన్నీ కూడా అది ఎత్తిచూపింది. అందుకే మా బడిలో దిద్దడం పూర్తికాని పుస్తకం మీద "చూడలేదు" అని రాసే వీలు కల్పించి, అలా రాసినవారిని సంజాయిషీ అడగడం మానేశాను.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఆ టిక్కును కొట్టివేసి, "చూడకుండా సంతకం చేశాను" అని పక్కనే రాసి, పుస్తకం ఆ పిల్లవాడికి తిరిగి ఇచ్చాను.