మతం ఇచ్చే మనోబలం ఫోన్ తెర మీదుగా అందుతుందా?

సెలయేరు

మతం ఉన్నవాళ్ళు ఎక్కువ సంతోషంగా, ఎక్కువ ఆరోగ్యంగా ఉంటారని తరచూ చదువుతుంటాం. మీడియా మనసును పాడుచేస్తోందని కూడా అంతే తరచుగా వింటుంటాం. ఈ రెంటినీ విడివిడిగా మాట్లాడుకునే రోజులు పోయాయి. ఇవాళ చాలామందికి మతం చేరేదే ఫోన్‌లో. ప్రవచనం యూట్యూబ్‌లో వింటారు, ప్రార్థన లైవ్‌లో చూస్తారు, మన మతానికి ప్రమాదం వచ్చిందన్న వార్త వాట్సాప్‌లో అందుకుంటారు. ఇలా తెర మీదుగా వచ్చే మతం మనిషికి మేలు చేస్తుందా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పెద్దగా చెయ్యదు. మతం వల్ల కలిగే మేలులో ఎక్కువ భాగం నలుగురితో కలవడంలోంచి వస్తోంది. అమెరికాలో 74,534 మంది మహిళా నర్సులను ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనం 2016లో వచ్చింది. వారానికి ఒకసారి కంటే ఎక్కువగా సామూహిక ప్రార్థనకు వెళ్ళేవాళ్ళలో మరణాల రేటు, అసలు వెళ్ళనివాళ్ళతో పోలిస్తే 33 శాతం తక్కువగా కనిపించింది. 2010లో లిమ్, పట్నం అనే ఇద్దరు పరిశోధకులు ఇంకా సూటిగా అడిగారు. ప్రార్థనకు వెళ్ళేవాళ్ళకు జీవితంలో తృప్తి ఎందుకు ఎక్కువ? తేలింది ఏమిటంటే, అక్కడ దగ్గరి స్నేహితులు ఉన్నవాళ్ళకే ఆ తృప్తి. ఎంత క్రమం తప్పకుండా వెళ్ళినా, అక్కడ స్నేహితులు లేనివాళ్ళ పరిస్థితి వెళ్ళనివాళ్ళలాగే ఉంది. ఇంట్లో ఒంటరిగా చేసుకునే ప్రార్థన ఆ తేడాను వివరించలేకపోయింది.

మరి గంటసేపు ప్రవచనం విని ఫోన్ పక్కన పెట్టేస్తే ఆ స్నేహితులు ఎక్కడినుంచి వస్తారు?

తర్కం

సెలయేరు గారూ, మీ 33 శాతం దగ్గరే నాకు అభ్యంతరం. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే లేచి ప్రార్థనకు వెళ్ళగలరు. మంచం పట్టినవాళ్ళు వెళ్ళలేరు. ఆరోగ్యం వల్ల వెళ్తున్నారా, వెళ్ళడం వల్ల ఆరోగ్యమా? పైగా వాళ్ళంతా ఒకే దేశంలో, ఒకే వృత్తిలో ఉన్న ఆడవాళ్ళు, అందులోనూ ఎక్కువమంది క్రైస్తవులు. దాన్ని ప్రపంచం మొత్తానికి ఎలా అంటగడతాం?

ఇంకో మాట. ప్రపంచ సంతోష నివేదికలో 2018 నుంచి వరసగా ఫిన్లాండ్ మొదటి స్థానంలో ఉంటోంది. అక్కడ ప్రార్థనలకు క్రమం తప్పకుండా వెళ్ళేవాళ్ళు చాలా తక్కువ. 2011లో మనస్తత్వ శాస్త్రవేత్త డీనర్ బృందం వందకు పైగా దేశాల్లో గ్యాలప్ అనే సంస్థ చేసిన సర్వే వివరాలు పరిశీలించింది. ఆకలి, అభద్రత ఎక్కువగా ఉన్న చోట మతం ఉన్నవాళ్ళు మెరుగ్గా ఉన్నారు. జీవితం భద్రంగా ఉన్న సమాజాల్లో మాత్రం మతం ఉన్నవాళ్ళకూ లేనివాళ్ళకూ తేడా దాదాపు లేదు. అంటే ఆసుపత్రి, పింఛను, ఉద్యోగం చెయ్యాల్సిన పనిని అవి లేని చోట మతం చేస్తోంది. అసలు ప్రశ్న భద్రత గురించి. మీరు మతం గురించి అడుగుతున్నారు.

సెలయేరు

తర్కం గారూ, నర్సుల అధ్యయనంలో ముందునుంచే ఉన్న జబ్బులను, పొగ తాగడాన్ని, అంతకుముందు ప్రార్థనకు వెళ్ళిన అలవాటును లెక్కలోకి తీసుకున్నారు. అయినా అది పరిశీలనే, ప్రయోగం కాదు. ఆ పరిమితి ఉంది. ప్రపంచం మొత్తానికి అంటగట్టకూడదన్న మాట కూడా న్యాయమైనదే.

డీనర్ మాట మాత్రం నా వాదనకే బలం. భద్రత లేని చోట మతం ఏ రూపంలో ఆదుకుంటుంది? జబ్బు చేస్తే ఎవరో వచ్చి పక్కన కూర్చుంటారు. డబ్బు చాలకపోతే తలా కొంత వేసుకుంటారు. చావు జరిగితే ఇంటి నిండా మనుషులుంటారు. ఇవన్నీ మనుషులు చేసే పనులు. ఛానల్ సబ్‌స్క్రయిబ్ చేసినంత మాత్రాన ఇవి రావు.

మలిసంధ్య

మీ ఇద్దరి లెక్కలూ చదివాను. నా మాట కూడా వినండి. మా అమ్మ కొన్నేళ్ళుగా మంచం మీదే ఉంది. కళ్ళు సరిగా కనిపించవు. ఉదయం ఫోన్‌లో ప్రార్థన పెడితే తనూ గొంతు కలుపుతుంది. ఆ అరగంట తన ముఖం వేరుగా ఉంటుంది. ఆ తర్వాత అన్నం తింటుంది, నాతో మాట్లాడుతుంది. తెర మీది మతం మేలు చెయ్యదని ఎవరైనా అంటే, మా అమ్మ గురించి వాళ్ళకు తెలియదని అనుకుంటాను. 2020లో కోవిడ్ వచ్చి ప్రపంచమంతా ప్రార్థనా స్థలాలు మూసేసినప్పుడు కోట్లమందికి మిగిలింది ఆ తెర ఒక్కటే కదా.

అక్షరం

నేను చాలాకాలం వార్తల డెస్కులో పనిచేశాను. మలిసంధ్య గారి అమ్మగారు వింటున్న ప్రార్థనను, ఆ ప్రార్థన అయిపోగానే దానంతటదే మొదలయ్యే తర్వాతి వీడియోను వేరు చేసి చూడాలి. నా భయం రెండోదాని గురించి.

కొత్త మాధ్యమం వచ్చినప్పుడల్లా మతం దాన్ని ముందుగా అందుకుంది. 1450ల్లో గూటెన్‌బర్గ్ అచ్చువేసిన పెద్ద పుస్తకం బైబిలే. 1517లో జర్మనీ మతగురువు లూథర్ చర్చి పద్ధతుల మీద రాసిన అభ్యంతరాలు కొద్ది నెలల్లో యూరప్ అంతా తిరిగాయంటే అచ్చుయంత్రం వల్లే. దాంతో మామూలు మనిషి తన భాషలో చదువుకోవడం మొదలైంది. మంత్రగత్తెలను ఎలా పట్టుకోవాలో, ఎలా హింసించాలో చెప్పిన పుస్తకం కూడా 1486 నాటికే అచ్చయి, మళ్ళీ మళ్ళీ ముద్రణ పొందింది. 1930ల్లో అమెరికాలో ఫాదర్ కాగ్లిన్ అనే మతగురువు రేడియో ప్రసంగాలను కోట్లమంది వినేవారు. మొదట పేదల కష్టాలు మాట్లాడినవాడు, పోనుపోను యూదుల మీద ద్వేషం వెళ్ళగక్కాడు. వినేవాళ్ళలో చాలామందికి ఆయన వారం వారం ఇంటికొచ్చే పెద్దమనిషి. ఆ నమ్మకం మీదే విషం ఎక్కింది.

అప్పట్లో ఏది జనంలోకి వెళ్ళాలో సంపాదకుడో, రేడియో యజమానో తేల్చేవాడు. ఇప్పుడు ఏది మనల్ని ఎక్కువసేపు కూర్చోబెడుతుందో అది తేలుస్తోంది. 2017లో బ్రేడీ బృందం లక్షల ట్వీట్లు పరిశీలించింది. నైతిక ఆవేశం నిండిన మాట ఒక్కొక్కటి చేరే కొద్దీ ఆ ట్వీట్ వ్యాప్తి దాదాపు 20 శాతం పెరిగిందని చూపించింది. పాపం, ద్రోహం, అపవిత్రం లాంటి మాటలు మతం దగ్గర కావలసినన్ని ఉన్నాయి. ఓర్పు గురించి చెప్పే ప్రవచనానికీ, "మనవాళ్ళకు జరిగిన అవమానం చూడండి" అనే వీడియోకీ పోటీ పెడితే ఏది గెలుస్తుందో నాకు డెస్కులో రోజూ కనిపించేది. మయన్మార్‌లో ఈ పోటీ ఎక్కడికి దారితీసిందో తెలిసిందే. 2017 ఆగస్టు తర్వాత ఏడు లక్షలకు పైగా రోహింగ్యా ముస్లింలు దేశం విడిచి పారిపోయారు. ఆ ద్వేషం పెరగడంలో సోషల్ మీడియాది నిర్ణాయక పాత్ర అని ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం అధ్యక్షుడు 2018 మార్చిలో చెప్పారు. తగినంత చెయ్యలేదని ఆ ఏడాది నవంబరులో ఫేస్‌బుక్కే ఒప్పుకుంది. అక్కడ ద్వేషం పంచినవాళ్ళలో బౌద్ధ మతగురువులూ ఉన్నారు. శాంతిని బోధించే మతం గురువులు.

నీలికొండ

ఇక్కడ అందరూ "నలుగురు కలవడం" అనగానే మంచే అనుకుంటున్నారు. నేను ఒప్పుకోను. నన్ను ఆ నలుగురే వెలివేశారు. మతం మానేశానని కొంతకాలం ఇంట్లోవాళ్ళు కూడా మాట్లాడలేదు. నిద్ర పట్టేది కాదు, ఎప్పుడూ టెన్షన్. నాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారని మొదట తెలిసింది ఇంటర్నెట్‌లోనే. సెలయేరు గారు చిన్నచూపు చూస్తున్న ఆ తెరే నన్ను నిలబెట్టింది.

మతంలో ఉంటూ నలిగిపోయేవాళ్ళు కూడా ఉన్నారు. 2001లో పార్గమెంట్ బృందం జబ్బుతో ఉన్న దాదాపు 600 మంది పెద్ద వయసువాళ్ళను రెండేళ్ళు గమనించింది. దేవుడు నన్ను వదిలేశాడు, దేవుడికి నా మీద ప్రేమ లేదు, ఈ జబ్బు దెయ్యం పని అని మథనపడినవాళ్ళలో చనిపోయే ముప్పు ఎక్కువగా ఉంది. డిప్రెషన్‌తో ఉన్న మనిషికి "నీ విశ్వాసం చాలలేదు, అందుకే ఇలా ఉన్నావు" అని చెప్పే వీడియోలు ఎన్ని ఉన్నాయో వెతికి చూడండి. ఆ మాట విని మందులు ఆపేసినవాళ్ళు నాకు తెలుసు. అది చెప్పినవాళ్ళెవరూ తర్వాత ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడగలేదు.

తర్కం

నీలికొండ గారు చెప్పింది ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన వాటిలో ముఖ్యమైన విషయం. సర్వేల్లో "మతం ఉన్నవాళ్ళు" అంటే లోపల మిగిలినవాళ్ళే. గాయపడి బయటికి వచ్చినవాళ్ళు "మతం లేనివాళ్ళు" అన్న గడిలో పడిపోతారు. వాళ్ళ బాధ మతం లేకపోవడం వల్ల వచ్చినట్టు కనిపిస్తుంది.

సెలయేరు

మలిసంధ్య గారూ, మీ అమ్మగారి అరగంటను తీసిపారెయ్యాలని నాకు లేదు. ఒక్కటి అడుగుతాను. ఆ ప్రార్థన జరిపేవాళ్ళకు అమ్మగారు తెలుసా? ఒకరోజు తను రాకపోతే ఎవరైనా అడుగుతారా?

నీలికొండ గారూ, మీకు కూడా ఇదే ప్రశ్న. ఇంటర్నెట్‌లో మిమ్మల్ని నిలబెట్టినవాళ్ళు మీ కబురు కనుక్కునేవాళ్ళేనా?

తెరా, ప్రత్యక్షమా అన్నదానికంటే ఇది అసలు తేడా అని నాకనిపిస్తోంది. మనం రాకపోతే గమనించే మనిషి ఉంటే అది తెర మీదైనా మేలే. లేకపోతే వేలమంది కూర్చున్న సభ అయినా మనం ప్రేక్షకులమే. లిమ్, పట్నం చూసినదీ అదే. హాలులో ఎంతమంది ఉన్నా, స్నేహితులు లేనివాళ్ళకు లాభం రాలేదు. ఇవాళ మతాన్ని ఛానల్‌గా నడిపే పద్ధతి మనిషిని వ్యూల సంఖ్యగా మారుస్తోంది. లక్షమంది చూసిన ప్రవచనంలో ఒకరు ఆగిపోతే ఎవరికీ తెలియదు. నాకు దీని మీదే కోపం.

మలిసంధ్య

తెలుసు. ప్రార్థన జరిపేది చిన్న బృందం. అమ్మ గొంతు వినపడకపోతే ఆ రోజే ఫోన్ చేస్తారు. మీరు అడిగాక ఆలోచిస్తే, సాయంత్రం పెట్టే పెద్ద ఛానల్ అయిపోయాక అమ్మ ముఖంలో ఆ వెలుగు ఉండదు. చాలాసార్లు ఇంకా దిగులుగా ఉంటుంది. మతం నాశనమైపోతోందని నన్ను అడుగుతుంది, ఇంటి తలుపు గడియ వేశావా అంటుంది.

అక్షరం

అమ్మగారి తలుపు గడియ భయానికి పాత చరిత్ర ఉంది. టీవీ ఎక్కువగా చూసేవాళ్ళు లోకం నిజంగా ఉన్నదానికంటే ప్రమాదకరంగా ఉందని నమ్ముతారని మీడియా పరిశోధకుడు జార్జ్ గెర్బ్‌నర్ 1970ల్లోనే చెప్పారు. ఆ భయానికి మతం తోడైతే పక్కింటివాడే శత్రువుగా కనిపిస్తాడు.

దీన్ని మార్చలేమని మాత్రం అనుకోకండి. 1987లో వియన్నాలో మెట్రో ఆత్మహత్యల వార్తలను సంచలనంగా రాయడం తగ్గించమని పత్రికలకు సూచనలు ఇచ్చారు. పత్రికలు పాటించాయి, ఆ ఆత్మహత్యలు బాగా తగ్గాయి. 2020 ఏప్రిల్‌లో, చాలాసార్లు ఫార్వర్డ్ అయిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా వాట్సాప్ కట్టడి చేసింది. అలాంటి సందేశాలు 70 శాతం తగ్గాయని ఆ సంస్థే ప్రకటించింది. ఎవరి నోరూ నొక్కలేదు, వేగం తగ్గించారు. మత సంస్థలు తమ ఛానళ్ళలో ఇలాంటి నియమం ఎందుకు పెట్టుకోకూడదు? ఇతర మతాల గురించిన ఆరోపణను నిర్ధారించకుండా ప్రసారం చెయ్యకూడదని, జబ్బును విశ్వాసలోపంగా చెప్పకూడదని అనుకుంటే చాలా మారుతుంది.

నీలికొండ

నియమాలు సరే. సెలయేరు గారి ప్రశ్నకు జవాబు చెప్తాను. అవును, ఇంటర్నెట్‌లో దొరికినవాళ్ళలో ఇద్దరు ఇప్పటికీ నా కబురు కనుక్కుంటారు. కానీ మీరు చెప్పే "గమనించే మనిషి" మా ఇంట్లో కూడా ఉండేవాడు. నేను ఎందుకు రాలేదో, ఎవరితో తిరుగుతున్నానో, ఏం చదువుతున్నానో గమనించేవాడు. అడగడం ప్రేమతోనా, కాపలాతోనా అన్నది మీ లెక్కలో ఎక్కడా రాలేదు.

సెలయేరు

దాన్ని ఇలా కొలుస్తాను. ఇక రానని చెప్పిన తర్వాత కూడా ఆ మనిషి మీ ఆరోగ్యం అడుగుతాడా? అడిగితే అది స్నేహం. అప్పుడు మాట్లాడటం మానేస్తే అది కాపలా. మిమ్మల్ని వెలివేసినవాళ్ళు రెండో రకం. వాళ్ళను నేను సమర్థించను.

తర్కం

ఇదంతా పరీక్షించదగ్గ విషయమే. ఒకే ప్రార్థన లైవ్ చూసేవాళ్ళను లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చెయ్యాలి. ఒక గుంపులో ప్రతి ఒక్కరికీ వారానికొకసారి తోటి శ్రోత ఫోన్ చేసి మాట్లాడాలి. రెండో గుంపు వీడియో మాత్రమే చూడాలి. కొన్ని నెలల తర్వాత నిద్ర, దిగులు, ఒంటరితనం, ఇతర మతాలవాళ్ళ మీద భయం కొలవాలి. సెలయేరు గారి మాట నిజమైతే తేడా మొదటి గుంపులోనే కనిపించాలి. మతంతో సంబంధం లేని ఒక కార్యక్రమం చూసేవాళ్ళతో మూడో గుంపు కూడా పెట్టి, వాళ్ళకూ ఫోన్లు చేయించాలి. వాళ్ళకూ అంతే మేలు జరిగితే, అందులో మతం వాటా ఎంతో తేలిపోతుంది.

నీలికొండ

మధ్యలో మానేసినవాళ్ళను కూడా చివరిదాకా కొలవాలి. ఎందుకు మానేశారో వాళ్ళనే అడగాలి, గుంపు పెద్దలను కాదు.